ఏడు పెంకులు, ఒక ఫోను: ప్రాథమిక బడిలో ఆటల పీరియడ్ నడిపే పద్ధతి

స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి (చుట్టుపక్కల బళ్ళ టీచర్లమంతా కలిసేది) ఎప్పుడు పోయినా టీ తాగేటప్పుడు ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: "సార్, మీరు ఆటల పీరియడ్‌లో ఫోను, టీవీ వాడతారంట కదా, ఎట్ల చేస్తారు?" నేను పీఈటీని, అంటే వ్యాయామం నేర్పే టీచరును కాను. అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం వైపు ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు పాఠాలు చెప్పే టీచరును. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, ఇద్దరు టీచర్లం. మా లాంటి చిన్న బళ్ళకు పీఈటీ ఉండడు. ఆటల పీరియడ్ కూడా మనమే చూసుకోవాలి.

అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే బదులు, నేను చేసే వరుసలోనే మొత్తం రాస్తున్నాను. మీ దగ్గర ఒక మామూలు స్మార్ట్‌ఫోన్, బడికిచ్చిన స్మార్ట్ టీవీ, ఒక పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. టీవీ లేకపోయినా నడుస్తుంది, అది ఎట్లాగో కింద చెప్తాను.

1. ముందు నిమిషాలు పంచుకోండి

మొదటి ఏడాది నేను చేసిన పని చెప్తే నవ్వుతారు. ఖోఖో నేర్పాలని ఆన్‌లైన్‌లో దొరికిన పన్నెండు నిమిషాల వీడియో పెట్టాను. మధ్యలో రెండు ప్రకటనలు. అయిపోగానే "సార్, ఇంకోటి" అని గోల. వాళ్ళను లేపి బయటికి తెచ్చేసరికి సగం పీరియడ్ అయిపోయింది. ఆ రోజు ఆటల పీరియడ్‌లో పిల్లలు చేసింది టీవీ చూడటమే.

అప్పటి నుంచి తెరకు ఐదు నిమిషాలే. 40 నిమిషాల పీరియడ్‌ను ఇట్లా పంచుతాను:

- టీవీ దగ్గర: 3 నిమిషాలు
- బయటికి రావడం, ఒళ్ళు వేడెక్కించడం, జట్లు కట్టడం: 7 నిమిషాలు
- ఆట: 22 నిమిషాలు
- ఫోన్‌లో తీసింది తిరిగి చూపడం: 2 నిమిషాలు
- నీళ్ళు, చేతులు కాళ్ళు కడుక్కోవడం, లోపలికి: 6 నిమిషాలు

చివరి ఆరు నిమిషాలు ఎక్కువ అనిపిస్తుంది. ఒకే కొళాయి దగ్గర ముప్పై మంది నిలబడితే తెలుస్తుంది.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన పీరియడ్ మొత్తం ఆడించినా అంత రాదు. అందుకే ఉన్న 22 నిమిషాల్లో ఒక్కటి కూడా తెరకు ఇవ్వకండి.

2. ఆటలు పోగు చేయండి: జేజిని అడిగి రమ్మనండి

ఆట కోసం నెట్‌లో వెతకడం చివర చేయాల్సిన పని. ముందు పిల్లలకు హోంవర్క్ ఇవ్వండి. ఇంట్లో అవ్వనో జేజినో తాతనో నాలుగు ప్రశ్నలు అడిగి రావాలి:

- ఆట పేరేమి?
- ఎంతమంది ఆడాలి?
- ఏమేమి కావాలి?
- ఔట్ ఎట్లా అవుతారు?

ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్ళు ఆ మాటలు రికార్డు చేసి పంపమనండి. లేనివాళ్ళు నోటితో చెప్తారు. ఎవరి ఇంట్లో ఫోన్ ఉంది, ఎవరింట్లో లేదు అనేది తరగతిలో బయటపడకుండా చూసుకోండి. "రికార్డు చేసుకొచ్చినా, గుర్తు పెట్టుకొచ్చినా ఒకటే" అని ముందే చెప్పేస్తే సరిపోతుంది.

ఈ పని ఎందుకంటే, ఊరూరికీ పేరు మారుతుంది, నియమం మారుతుంది. ఒక చోట కర్రాబిళ్ళ, ఇంకో చోట గిల్లీదండ. మడకశిర వైపు నుంచి వచ్చిన పిల్ల ఏడు పెంకులాటను కన్నడం వాళ్ళలాగా లగోరీ అంది. వీడియోలో వేరే పేరు వినిపిస్తే "ఇది మన ఆట కాదు సార్" అని మొండికేస్తారు. మీ ఊరి పేరే ఖాయం చేయండి.

ఇంకో లాభం కూడా ఉంది. హోంవర్క్ ఇచ్చిన మూడో రోజు ఒక జేజి కొంగులో మూట కట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. విప్పితే గచ్చకాయలు. "రాళ్ళతో ఆడితే గోర్లు పోతాయి నాయనా, ఇవి పెట్టుకో" అంది. తర్వాత ఆమె చేతులే నా మొదటి వీడియో అయ్యాయి. ముఖం తీయలేదు, చేతులు మాత్రమే. ఆ గచ్చకాయలు ఎగిరి పడే తీరు పిల్లలు కళ్ళార్పకుండా చూశారు. (గచ్చకాయను బండకు రుద్దితే చురుక్కుమనేంత వేడెక్కుతుంది. పక్కవాడి చేతికి అంటించే ఘనులు ప్రతి తరగతిలో ఒకరిద్దరు ఉంటారు, కనిపెట్టుకుని ఉండండి.)

3. ఏ తరగతికి ఏ ఆట

వచ్చిన ఆటలన్నీ రాసుకుని రెండు కుప్పలు చేయండి: ఒళ్ళు కదిలేవి, కూర్చుని ఆడేవి. వామనగుంటలు, పులిమేక, అష్టాచెమ్మా, గచ్చకాయలు మంచి ఆటలే. కానీ వాటిని ఆటల పీరియడ్‌లో పెట్టి వ్యాయామం అయిపోయిందని రాసుకోకండి. వాన పడ్డ రోజుకు, ఎండ మండే రోజుకు, లెక్కల పీరియడ్‌కు దాచుకోండి.

కదిలే ఆటల్లో నేను పాటించే వరుస ఇది:

- 1, 2 తరగతులు: నేలా–బండా, నాలుగు స్తంభాలాట, కుంటాట, నాలుగు గళ్ళ తొక్కుడుబిళ్ళ
- 3వ తరగతి: పూర్తి తొక్కుడుబిళ్ళ, తాడాట, నాలుగు పెంకులతో పెంకులాట
- 4, 5 తరగతులు: ఏడు పెంకులు, ఖోఖో, తోక కబడ్డీ

తోక కబడ్డీ అంటే మరేం లేదు. ప్రతివాళ్ళూ నడుముకు వెనకవైపు ఒక గుడ్డపీలిక దోపుకుంటారు. కూతకు వచ్చినవాళ్ళు ఆ పీలిక లాగాలి. పట్టుకోవడం, పడేయడం ఉండవు. ఐదో తరగతికి వచ్చేసరికి ఆడపిల్లలు కబడ్డీకి వెనకాడతారు, కొన్నిళ్ళలో వద్దంటారు కూడా. ఈ పద్ధతిలో అందరూ కలిసి ఆడతారు, మోచేతులూ దోక్కుపోవు.

కర్రాబిళ్ళ నేను బడిలో ఆడించను. బిళ్ళ కంటికి తగిలితే ఆ తర్వాత చేయగలిగింది ఏమీ లేదు. ఊరి బయట ఆడుకుంటారు, అది వేరే సంగతి.

4. నేల చూసుకోండి

ఆట రోజు పొద్దున ప్రార్థనకు ముందు నేలంతా ఒకసారి నడవండి. ఇద్దరు పిల్లల్ని వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది, వాళ్ళ కళ్ళు నేలకు దగ్గర.

- పల్లేరుకాయలు, కంపముళ్ళు, గాజుపెంకులు ఏరేశామా?
- ఎర్రనేల అయితే పైన గులకరాళ్ళు ఊడ్చామా?
- కర్నూలు వైపు నల్లరేగడి అయితే: వాన పడితే ఒకటి రెండు రోజులు మానుకోండి, కాళ్ళకు అంటుకుని జారతారు. ఎండాకాలం నెర్రెల్లో మడమలు ఇరుక్కుంటాయి, వాటిని మట్టితో పూడ్చాలి.
- కడప బండలో బేతంచెర్ల బండలో పరిచిన వరండా అయితే: దుమ్ముంటే జారుతుంది, తడిగుడ్డతో తుడిపించి ఆరనివ్వండి.
- చేతికి ఓర్చుకోలేనంత వేడిగా ఉంటే ఆ చోటు వద్దు.

గీతలకు ముగ్గుపిండి వాడండి. సున్నం వద్దే వద్దు. కళ్ళల్లో పడినా, చెమట కాళ్ళకు అంటినా మండుతుంది. బండల మీదైతే చాక్‌పీసు చాలు.

మన వైపు ఫిబ్రవరి దాటితే ఎండ సంగతి తెలిసిందే. ఆటల పీరియడ్‌ను పొద్దున మొదటి గంటకు మార్చుకోండి. ఒంటిపూట బడులప్పుడు ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు, మొదటి పీరియడే. భోజనం అయిన వెంటనే ఆడించకండి, కడుపునొప్పి అంటారు, నిజంగానే వస్తుంది.

కాళ్ళకు బూట్లుండాలి. బడి కిట్‌లో ఇచ్చిన బూట్లు చాలామంది ఇంట్లో దాచిపెడతారు, పెళ్ళికో జాతరకో వేసుకుందామని. ఆటల రోజు తప్పకుండా వేసుకురమ్మని ముందు రోజే చెప్పండి. చెప్పులతో మాత్రం పరుగెత్తనివ్వకండి. చెప్పులకంటే వట్టి కాళ్ళే నయం, కానీ అప్పుడు నేల రెండోసారి చూడాలి.

5. సామాను

కొనాల్సింది ఏమీ లేదనే చెప్పాలి.

- పెంకులు: బండ చెక్కలు వాడకండి, అంచులు కోసేస్తాయి. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్క ముక్కలు ఏడు, అరచేయంత, గరుకు కాగితంతో రుద్దినవి.
- బంతి: పాత మేజోడులో గుడ్డపీలికలు కుక్కి కుట్టింది. క్రికెట్ ఆడే రబ్బరు బంతి దెబ్బ తగిలితే పిల్ల మళ్ళీ ఆటకు రాదు.
- తోకలు: పాత చీర చింపిన పీలికలు, రెండు రంగులు, మూరెడు పొడవు.
- విజిల్, తాగేనీళ్ళు, దెబ్బల పెట్టె.
- చూపు తక్కువున్న పిల్లలుంటే: చిన్న ప్లాస్టిక్ సీసాలో చింతగింజలు వేసి మూత బిగించి గుడ్డ చుట్టండి. దొర్లితే గలగలమంటుంది, అదే బంతి.

6. వీడియో మీరే తీయండి

ఇక్కడ కొంచెం ఆగి చదవండి, ఎక్కువమంది చిక్కుపడేది ఇక్కడే.

సిద్ధంగా దొరికే వీడియోల్లో పెద్దవాళ్ళు, పెద్ద గ్రౌండ్లు, గబగబా మాటలు ఉంటాయి. మన పిల్లలకు కావాల్సింది వాళ్ళ బడి అరుగు, వాళ్ళ అక్క ఆడుతున్న ఆట. ఐదో తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురితో సాయంత్రం బడి వదిలే ముందు పది నిమిషాల్లో తీయొచ్చు.

1. ఫోన్ అడ్డంగా పట్టుకోండి. నిలువుగా తీస్తే టీవీలో మధ్యన సన్నటి చీలికలా కనిపిస్తుంది.
2. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి.
3. ఒక క్లిప్‌లో ఒకే నియమం. 30 నుంచి 45 సెకన్లు, అంతకు మించొద్దు.
4. ఒక ఆటకు మూడు క్లిప్‌లు: ఎక్కడ నిలబడాలి, ఎట్లా ఆడాలి, ఎప్పుడు ఔట్.
5. మాటలు పెట్టకండి. టీవీ ముందు నిలబడి మీరే చెప్పండి. అప్పుడు ఆపి చూపించవచ్చు, పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు.
6. 'ఔట్' క్లిప్‌లో తప్పు చేసి చూపించమనండి. గీత తొక్కడం, బిళ్ళ గీత మీద పడటం. తప్పును చూసినప్పుడే నియమం బుర్రకెక్కుతుంది.

ఖోఖోకు ఒక చిట్కా. తరిమేవాళ్ళు మధ్యగీత దాటకూడదు, ఒకసారి ఒక వైపు తిరిగితే వెనక్కి రాకూడదు, కూర్చున్నవాళ్ళకు వెనక నుంచే ఖో ఇవ్వాలి. నేల మీద నిలబడి ఎన్నిసార్లు చెప్పినా ఇది ఎక్కదు. నేను ఒక రోజు మిద్దె ఎక్కి పై నుంచి తీశాను. (నేనొక్కడినే ఎక్కాను, పిల్లల్ని ఎక్కనివ్వకండి.) పై నుంచి చూస్తే పిల్లలంతా ముగ్గులో చుక్కల్లా కనిపిస్తారు, ఎవరు ఏ వైపు తిరిగారో ఇట్టే తెలుస్తుంది. రెండు వారాలుగా రాని నియమం ఆ నలభై సెకన్లలో వచ్చింది. మెట్లు లేని బడి అయితే బెంచీ మీద నిలబడి చేయి పైకెత్తి తీసినా పనికొస్తుంది.

7. టీవీలో ఆడేలా చూసుకోండి

పీరియడ్ మొదలయ్యాక నెట్ కోసం చూడటం, పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడం, ముప్పై మంది ముందు ఎంత టెన్షనో అనుభవించినవాళ్ళకే తెలుసు. నెట్ అసలు వాడకండి. క్లిప్‌లు పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

- కొత్త ఫోన్లు కొన్ని వీడియోను హెచ్.265 అనే, ఫైలును బాగా కుదించే పద్ధతిలో దాస్తాయి. పాత టీవీలో శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే కారణం తరచుగా ఇదే. కెమెరా సెట్టింగ్స్‌లో పాత పద్ధతి హెచ్.264కు మార్చి మళ్ళీ తీయండి.
- నాణ్యత 1080 చాలు. 4కే పెడితే ఫైలు బరువెక్కి టీవీ నత్తనడక నడుస్తుంది.
- ఫైళ్ళ పేర్లకు ముందు 01, 02, 03 అని అంకెలు పెట్టండి, వరుస తప్పవు.
- ముందు రోజు సాయంత్రం ఒకసారి వేసి చూడండి.
- ఒక క్లిప్ అయ్యాక తర్వాతిది దానంతట అదే మొదలయ్యే ఏర్పాటు ఉంటే ఆపేయండి.

టీవీ లేదా? కరెంటు పోయిందా? ఫోన్‌లోనే ఆరుగురు ఆరుగురుగా పిలిచి నీడలో చూపించండి. మిగతావాళ్ళు అప్పుడు ఒళ్ళు వేడెక్కించుకుంటూ ఉంటారు. నిజం చెప్పాలంటే చిన్న గుంపుతో ఇదే మేలు, ముఖాలు కనిపిస్తాయి, ఎవరికి అర్థం కాలేదో తెలుస్తుంది.

8. ఒక పీరియడ్, నిమిషం నిమిషం: ఏడు పెంకులాట

నాలుగు, ఐదు తరగతులు కలిపి ఇరవై నాలుగు మంది అనుకుందాం.

0–3 నిమిషాలు. టీవీ ముందు నిలబడే చూడాలి. కూర్చుంటే లేవరు. మూడు క్లిప్‌లు ఒక్కోసారి వేయండి. తర్వాత ఒకే ప్రశ్న: "పెంకులు పడగొట్టాక మీ జట్టు ఏం చేయాలి?" నలుగురైనా "మళ్ళీ పేర్చాల" అంటే చాలు, బయటికి. టీవీ ఆపేయండి, ఫోన్ జేబులో.

3–6 నిమిషాలు. వేపచెట్టు దాకా పరుగు, ఒంటికాలి మీద వెనక్కి, చేతులు తిప్పడం, వంగి కాలివేళ్ళు అందుకోవడం.

6–10 నిమిషాలు. జట్లు. వాళ్ళకు వదిలేస్తే వీధి వీధి ఒక జట్టు కడతారు, బాగా ఆడేవాళ్ళంతా ఒక వైపు పోతారు, చివర మిగిలిన పిల్ల నేల చూస్తూ నిలబడుతుంది. పంటలు వేయించండి. అరచేతులు పైకి పెట్టినవాళ్ళు ఒక జట్టు, కింద పెట్టినవాళ్ళు ఒకటి, సమానం అయ్యేదాకా. ఇరవై నాలుగు మందిని నాలుగు జట్లు చేసి రెండు ఆటలు పక్కపక్కన పెట్టండి. ఒకే ఆటలో పన్నెండు మంది ఒక వైపు ఉంటే ఎనిమిది మంది ఊరికే నిలబడతారు.

10–32 నిమిషాలు. ఆట. పెంకులకు నాలుగు మీటర్ల దూరంలో గీత. చిన్నవాళ్ళకు రెండు మీటర్లు, నాలుగు పెంకులు. ఒక్కొక్కరికి మూడు విసుర్లు. పడగొట్టాక విసిరిన జట్టు పెంకులు పేర్చాలి, ఎదుటి జట్టు బంతితో కొట్టి ఆపాలి. నడుము కిందనే కొట్టాలి.

ఇక్కడే పాత నియమం ఒకటి మారుస్తాను. ఇంటి దగ్గర బంతి తగిలితే ఔట్, పోయి గట్టు మీద కూర్చోవడమే. ఆట రానివాళ్ళే ముందు ఔటవుతారు, నేర్చుకోవాల్సిన వాళ్ళే కూర్చుంటారు. బడిలో అది కుదరదు. బంతి తగిలితే గోడ దాకా పరుగెత్తి, అంటి, తిరిగి ఆటలోకి రావాలి. ఆట ఆగదు, ఎవరూ కూర్చోరు. ఆ పరుగు శిక్ష కాదని మాత్రం గట్టిగా చెప్పండి. తప్పు చేస్తే గుంజిళ్ళు, తప్పు చేస్తే రౌండ్లు అని అలవాటు చేస్తే వ్యాయామం అంటేనే మొహం చిట్లిస్తారు.

చిన్న పిల్లను 'ఆటలో అరటిపండు'గా పెట్టుకోవడం కూడా వద్దు. ఇంట్లో ముద్దుగానే ఉంటుంది, ఆడినట్టే ఉంటుంది, లెక్కలోకి రాదు. బడిలో ఆ పిల్లకు పని ఇవ్వండి: అన్నిటికంటే పెద్ద అడుగు పెంకు నిలిపేది ఆమే, ఆమె నిలిపాకే మిగతా ఆరు పేర్చాలి. జట్టు మొత్తం ఆమెను కాపాడుతూ నిలబడుతుంది. "ఆ పాపకు అడ్డం నిలబడండ్రా!" అని అరుపులు వినిపిస్తాయి చూడండి.

ఎనిమిది నిమిషాలకు ఒకసారి విజిల్, నీళ్ళు, జట్లు తారుమారు. ఫోన్ ఇప్పుడు రెండు పనులకే బయటికి రావాలి: గడియారంగా ఒకటి, మధ్యలో ఒకసారి ఇరవై సెకన్లు తీయడానికి ఒకటి.

32–34 నిమిషాలు. నీడలో తీసిన ముక్క చూపించండి. ఒకే సంగతి అడగండి: "పెంకులు పేర్చేటప్పుడు మిగతావాళ్ళు ఏం చేస్తున్నారు?" సాధారణంగా అందరూ ఒకే చోట కుప్పగా ఉంటారు. అది వాళ్ళ కళ్ళకే కనిపిస్తుంది. మనం చెప్తే తిట్టినట్టు, ఫోన్ చూపిస్తే చూసుకున్నట్టు.

34–40 నిమిషాలు. పెంకులు, బంతి లెక్కపెట్టి సంచిలో. కొళాయి. లోపలికి.

9. స్లో మోషన్: తొక్కుడుబిళ్ళకు ఇదే అసలు పని

చాలా ఫోన్లలో స్లో మోషన్ ఉంటుంది. సెకనుకు 120 బొమ్మలు తీసి 30 చొప్పున చూపిస్తుంది, అంటే నాలుగు రెట్లు మెల్లగా. గెంతి కాలు మోపే క్షణం మామూలు కంటికి అందదు, దీంట్లో అందుతుంది.

మూడో తరగతి పాప ఒకామె ఎప్పుడూ మూడో గడి దగ్గరే పడిపోయేది. కాలు బలం లేదేమో అనుకున్నాను. వాళ్ళమ్మ కూడా అదే అంది. పక్క నుంచి, నేలకు మోకాలెత్తులో ఫోన్ పెట్టి ఒక్క గెంతు తీశాను. చూస్తే కాలు బాగానే మోపుతోంది, కానీ గాలిలో ఉన్నప్పుడే తల వంచి నాలుగో గడిలో ఉన్న బిళ్ళను చూస్తోంది. ఒళ్ళంతా ముందుకు తూగుతోంది. ఆమెకే చూపించాను. "నేను బిళ్ళను చూస్తుండా సార్" అని తనే చెప్పింది. మోపే గడిని చూసి గెంతమన్నాను. నాలుగో ప్రయత్నానికి నిలబడింది.

తీసేటప్పుడు చూడాల్సినవి మూడే:

- మోపేటప్పుడు మోకాలు కొంచెం వంగిందా, కర్రలా నిటారుగా ఉందా?
- ముందు వేళ్ళు, తర్వాత మడమ నేలకు తాకుతున్నాయా? దబ్బున మడమ పడితే మోకాలికి దెబ్బ.
- కళ్ళు ఎక్కడున్నాయి?

ఒక రోజు ఒక్క సంగతే సరిచేయండి. ముగ్గురు నలుగురి కంటే ఎక్కువమందిని తీయకండి, లేకపోతే పీరియడ్ అంతా షూటింగ్ అవుతుంది. బాగా గెంతేవాళ్ళను తీసి తరగతికి చూపించండి. పడిపోయేవాళ్ళది వాళ్ళకొక్కరికే చూపించండి.

కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియా కింద 5–8 ఏళ్ళ పిల్లలకు పెట్టే పరీక్షల్లో ఒంటికాలి మీద నిలబడటం, చేత్తో రెండు బిళ్ళల మధ్య త్వరత్వరగా తట్టడం ఉన్నాయి. తొక్కుడుబిళ్ళ, గచ్చకాయలు ఆడే పిల్లలకు ఆ రెండూ కొత్త కావు. పరీక్ష కోసం విడిగా తర్ఫీదు పెట్టే పని లేదు, ఆట ఆడించండి చాలు.

10. ఎదురయ్యే చిక్కులు, వాటికి మందు

"సార్, ఫోన్ ఇవ్వండి, నేను తీస్తా." ఐదో తరగతి వాళ్ళలో వారానికి ఇద్దరిని కెమెరా పనికి పెట్టండి, కానీ ఐదు నిమిషాలే. ఎప్పుడూ ఆటకు దూరంగా ఉండే పిల్లే కెమెరా అడుగుతుంది, కనిపెట్టండి. కెమెరా దాక్కునే చోటు కాకూడదు.

కెమెరా చూడగానే వేషాలు. మొదటి రెండు వారాలు ఉంటుంది. పట్టించుకోకండి.

తగాదాలు. "వాడు గీత తొక్కినాడు సార్", "తొక్కలే సార్". వీడియో చూసి తీర్పు చెప్పే అలవాటు చేయకండి. ఒకసారి మొదలుపెడితే ప్రతి గెంతుకూ రీప్లే అడుగుతారు. తూచ్ చెప్పి మళ్ళీ ఆడించండి, ఊళ్ళో ఆడుకున్నప్పుడు అట్లనే కదా చేస్తారు.

ఫోన్ మోగడం. ఆట మధ్యలో ఆఫీసు నుంచి ఫలానా వివరాలు అర్జంటుగా పంపమని మెసేజ్ వస్తుంది. ఫ్లైట్ మోడ్ పెట్టండి. కెమెరా, గడియారం రెండూ పనిచేస్తాయి. 22 నిమిషాల్లో ప్రళయం ఏమీ రాదు.

దెబ్బలు. గీరుకుంటే సబ్బు, శుభ్రమైన నీళ్ళతో కడగండి. మడమ బెణికితే ఆట ఆపి, కాలు ఎత్తులో పెట్టి చల్లటి గుడ్డ వేయండి, నూనె పెట్టి రుద్దకండి. కాలు మోపలేకపోయినా, తలకు దెబ్బ తగిలినా ఇంటికి కబురు, ఆసుపత్రి, అవసరమైతే 108.

11. ఎంత ఆడారో కొలవండి

నెలకు ఒకసారి ఈ పని చేయండి. మనసులో ఒక పిల్లను ఎంచుకోండి, తనకు చెప్పొద్దు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసి, ఆ పిల్ల కదిలినప్పుడు నడపండి, నిలబడ్డప్పుడు ఆపండి. పీరియడ్ చివర ఎన్ని నిమిషాలు వచ్చిందో చూడండి.

మొదటిసారి చేసినప్పుడు నాకు సగం కూడా రాలేదు. అంతా బాగా నడిచిందని సంబరపడిన రోజు అది. చూస్తే ఆ పిల్ల ఎక్కువ సేపు వరుసలో తన వంతు కోసం నిలబడే ఉంది. తొక్కుడుబిళ్ళ ఒకే పట్టం గీశాను, పన్నెండు మంది వరుస. తర్వాతి వారం నాలుగు పట్టాలు గీశాను. తక్కువ వస్తే ముందు చూడాల్సింది ఇవి:

- వరుసలో ముగ్గురి కంటే ఎక్కువమంది ఉన్నారా?
- ఔటైనవాళ్ళు కూర్చుంటున్నారా?
- నేను ఎక్కువ మాట్లాడానా?

12. అనుమతి తీసుకోండి, తుడిచేయండి

వీడియో తీసే ముందు తల్లిదండ్రుల సమావేశంలో ఎందుకు తీస్తున్నారో చెప్పి సంతకం తీసుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం సంగతి అటుంచినా, మన పిల్ల పడిపోయిన వీడియో ఎవరి స్టేటస్‌లోనో చూస్తే మనకెట్లుంటుంది?

- ఎవరి ఇంట్లోనైనా వద్దంటే ఆ పిల్ల ఆడాలి, వీడియోలో ఉండకూడదు. కారణం అడగొద్దు.
- వాట్సాప్ గ్రూపులో పెట్టాలనుకుంటే కాళ్ళు, చేతులు, పెంకులు కనిపించేవి పెట్టండి. ముఖాలు, పేర్లు వద్దు.
- పడిపోయినవి, ఏడ్చినవి ఆ రోజు సాయంత్రమే తుడిచేయండి.
- ఆట నేర్పే క్లిప్‌లు మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఉంచి, బదిలీ అయి పోయేటప్పుడు బీరువాలో పెట్టి తాళం తర్వాత వచ్చే టీచరుకు ఇవ్వండి. ఫోన్‌లో ఉన్న కాపీ తీసేయండి.

ఫోన్ గ్యాలరీ దానంతట అదే ఆన్‌లైన్‌లోకి ఎక్కించే ఏర్పాటు ఉందేమో కూడా చూసుకోండి. నేను చాలా ఆలస్యంగా చూసుకున్నాను. ఇంట్లో మా అబ్బాయి టీవీలో ఫొటోలు తిప్పుతుంటే, పెళ్ళి ఫొటోల మధ్య మా బడి పిల్లలు ఒంటికాలి మీద గెంతుతూ వచ్చారు.